ఇంటి మరమ్మతు: జారిపోయే బ్రేకు క్లిప్పు

బరంపురం నుంచి ఒక సోదరుడు పోయిన నెల మాకు జాబు వ్రాశారు. వారి సైకిలు వెనుక బ్రేకు క్లిప్పు ఎంత బిగించినా వారం తిరగకముందే జారి పక్కకు తిరిగిపోతున్నదట. అంగడివాడు రెండుసార్లు బిగించి, మూడోసారి "పాత బండి, పాత ఇనుముకు వేసేయండి" అని సలహా చెప్పాడట. "మీ శీర్షికలో కుళాయిలు, తాళాలు, కుక్కరు పిడులు అన్నీ బాగుచేశారు గదా, ఈ బ్రేకు మాట ఎందుకు ఎత్తరు?" అని నిలదీశారు.

ఎత్తడానికి మాకు మొగమాటం. ఈ క్లిప్పు విషయంలోనే మేము ఒకసారి చేసిన పొరపాటుకు మా ఇంటి పిల్లవాడు దెబ్బ తిన్నాడు. ఆ సంగతి దాచిపెట్టి మరమ్మతు మాత్రం చెప్పడం భావ్యం కాదు. అందుకే ఇన్నాళ్లూ వాయిదా వేశాము. జాబు వచ్చింది కాబట్టి ఇక తప్పదు.

ముందు ఏ బ్రేకును గురించి మాట్లాడుతున్నామో చెప్పుకోవాలి. మన తాతలు, తండ్రులు తొక్కిన ఎత్తైన నల్ల సైకిలు అందరికీ తెలిసినదే. 28 అంగుళాల చక్రం, ఒకటిన్నర అంగుళం టైరు. 1949లో మద్రాసు చేరువ అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్ వారు, 1951లో సోనీపట్‌లో అట్లాస్ వారు, 1956లో లూధియానాలో హీరో వారు కంపెనీలు పెట్టిన తరువాత ఈ బండి గుమాస్తా ఇంట్లోనూ, పాలవాని ఇంట్లోనూ, బడిపంతులు ఇంట్లోనూ ఒకే తీరున నిలబడింది. అట్లాస్ వారి చివరి కర్మాగారం 2020 జూన్‌లో సాహిబాబాదులో మూతపడింది. బళ్లు మాత్రం ఇంకా పెరళ్లలో, వసారాల్లో ఉన్నాయి. మా తండ్రిగారు 1974లో కొన్న బండి ఈనాటికీ మా హోసూరు ఇంట్లో ఉన్నది.

ఈ బండికి ఉండేది రాడ్డు బ్రేకు. తీగ ఉండదు, అంతా ఇనుప కమ్మీలే. హ్యాండిలు కింద పిడిని వేళ్లతో పైకి లాగితే కమ్మీ లేస్తుంది. ఆ కమ్మీ కొసకు గుర్రపు లాడం ఆకారంలో మరొక కమ్మీ వ్రేలాడుతూ ఉంటుంది. దానిని లాడం కమ్మీ అందాము. దాని రెండు కాళ్ల కొసలకూ రబ్బరు ముక్కలుంటాయి. కొందరు బ్రేకు రబ్బర్లంటారు. మా ఊళ్లో తమిళం వారిని చూసి మేమూ కట్టలనే అంటాము. ఆ కట్టలు చువ్వల పక్కనుంచి పైకి వచ్చి రిమ్మును లోపలి వైపు నుంచి ఒత్తుతాయి. తీగ బ్రేకు రిమ్మును పక్కల నుంచి పట్టుకుంటుంది. రాడ్డు బ్రేకు మాత్రం ఇరుసు వైపు నుంచి బయటకు తోస్తుంది. ఈ తేడా గుర్తుంటే తక్కినదంతా సులభంగా అర్థమవుతుంది.

ఇక క్లిప్పు. లాడం కమ్మీ కాళ్లు అటూ ఇటూ ఊగకుండా ఉండడానికి ఫోర్కు రెండు కాళ్లకూ రెండు చిన్న పట్టీలు బిగించి ఉంటాయి. ఒక్కొక్క దానికి గాడి వంటి దారి ఉంటుంది. కమ్మీ ఆ దారిలోనే లేవాలి, దిగాలి. వెనుక చక్రానికి కూడా అటువంటివే రెండు ఉంటాయి; అవి పెడళ్ల దగ్గర నుంచి వెనుక ఇరుసుకు పోయే రెండు గొట్టాల మీద ఉంటాయి. చూడడానికి అణా కాసు చేయని వస్తువు. అయితే బ్రేకు పట్టినప్పుడు దానిమీద పడే బరువు చూడండి. చక్రం ముందుకు దొర్లుతున్నప్పుడు ఫోర్కు మెడ దగ్గర రిమ్ము ముందుకు పరుగెత్తుతుంది. ఒత్తిన కట్టలను తనతోపాటు ముందుకు ఈడుస్తుంది. వెనుక చక్రంలో కట్టలుండే చోట రిమ్ము కిందికి దిగుతుంది. అక్కడ కట్టలను కిందికి ఈడుస్తుంది. ఈ ఈడ్పును ఆపవలసినది ఆ పట్టీ ఒక్కటే. అంటే బ్రేకు పట్టిన ప్రతిసారీ పట్టీని గొట్టం చుట్టూ తిప్పాలని చక్రం ప్రయత్నిస్తూ ఉంటుందన్నమాట. పట్టు చాలకపోతే అది తిరుగుతుంది. తిరిగితే కమ్మీ కాలు దారి తప్పుతుంది. దారి తప్పిన కాలికి పక్కనే ఉన్నది చువ్వలు.

ఇప్పుడు మా సంగతి. 2017 వేసవి సెలవులకు చిత్తూరు నుంచి మా చెల్లెలి కొడుకు వచ్చాడు. అప్పుడు వానికి పదిహేనేళ్లు. తాతగారి బండి అంటే వానికి మహా సరదా. ఒకనాటి రాత్రి "మామా, ముందు బ్రేకు కటకట అంటోంది" అన్నాడు. లాంతరు కాదు గాని, వసారాలోని గుడ్డి దీపం వెలుతురులో చూశాము. ఎడమ పక్క క్లిప్పు కొంచెం తిరిగి ఉన్నది. దానిని చేత్తో సరిచేసి, స్పానరు పెట్టి, మర కీచుమనే దాకా బిగించాము. ఆఫీసులో ఆ నెల లెక్కలు ముగించే తొందర, మనసు అక్కడే ఉన్నది. "ఇక భయం లేదురా, తొక్కు" అని వాని వీపు తట్టాము.

మరునాడు ఉదయం వాడు చంద్రచూడేశ్వర స్వామి కొండ దారి పట్టాడు. ఎక్కేటప్పుడు తోసుకుంటూ పోయి, దిగేటప్పుడు ఎక్కి కూర్చున్నాడు. వాలులో బ్రేకు పట్టాడు. క్లిప్పు గిర్రున తిరిగింది, కమ్మీ కాలు చువ్వల్లోకి పోయింది, ముందు చక్రం నిలిచిపోయింది. నిలవనిది వాడు. హ్యాండిలు మీదుగా రోడ్డున పడ్డాడు. ముందుపన్ను సగం విరిగింది, ఎడమ మణికట్టు ఎముక విరిగింది. వానిది ఎడమచేతి వాటం. బడులు తెరిచేనాటికి కూడా కట్టు విప్పలేదు. కొన్ని వారాలు పక్కవాని నోటుపుస్తకాలే గతి అయినాయి. మా చెల్లెలు ఆసుపత్రి వసారాలో ఒక్కసారి మాత్రం అడిగింది: "అన్నా, నువ్వు బిగించావు గదా?" అని. బిగించామనే చెప్పాము. ఆమె మళ్లీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

నాలుగు రోజులకు బండిని తోసుకుంటూ బస్టాండు వెనుక సందులో ఉండే వృద్ధ మేస్త్రి దగ్గరకు తీసుకుపోయాము. మా మనసులో ఉన్న మాట ఏమిటంటే, క్లిప్పులో ఏదో లోపముంటుంది, అది ఆయన నోట వింటే మాకు కాస్త ఊరట అని. ఆయన కూర్చుని, కళ్లజోడు నుదుటికి ఎత్తి చూశాడు.

"ఏం సామీ, దీన్ని బిగించనే లేదే?"

"లేదు పెద్దాయనా, ముందురోజు రాత్రే బిగించాము. చేతులు నొప్పి పుట్టేదాకా."

"బిగించినారు. చెవుల్ని బిగించినారు. గొట్టాన్ని కాదు."

మా చేతనే చూడమన్నాడు. క్లిప్పు గొట్టం చుట్టూ తిరిగి వచ్చి రెండు కొసలు చెవుల్లా బయటకు పొడుచుకుని ఉంటాయి. ఆ చెవుల గుండా బోల్టు పోతుంది. మా క్లిప్పులో ఆ రెండు చెవులూ ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. అవి అంటుకున్న తరువాత బోల్టును ఎంత తిప్పినా బలమంతా చెవులు రెండూ ఒత్తుకోవడానికే ఖర్చవుతుంది; గొట్టానికి ఒక పూచికపుల్లంత కూడా అందదు. చేతికి మాత్రం బిగువుగా తగులుతుంది. మేము మోసపోయినది ఆ బిగువుకే. క్లిప్పు వదులుగా ఉంటే మనిషి జాగ్రత్తపడతాడు. ఇది వదులుగా ఉండి, బిగిసినట్లు నటించింది.

చెవులు ఎందుకు కలుసుకుంటాయి? ఫోర్కు కాళ్లు పైన లావు, కిందికి పోయేకొద్దీ సన్నం. వెనుక గొట్టాలు కూడా ఇరుసు వైపుకు సన్నబడతాయి. బండి అదురుకు క్లిప్పు ఒక్క అంగుళం జారినా సన్నపు చోటికే జారుతుంది. అక్కడ అది గొట్టానికి పెద్దదైపోతుంది. మనము దానిని అక్కడే ఉంచి బిగిస్తాము. చెవులు కలుస్తాయి. కొన్నిసార్లు బండిది కాక వేరే కొలత క్లిప్పు వేసి ఉంటారు, అదీ ఇంతే. బరంపురం సోదరుడు మొట్టమొదట చూడవలసినది ఇదే. చెవుల మధ్య గోరు దూరేంత సందు ఉన్నదా లేదా? లేకపోతే స్పానరు కింద పెట్టండి. ఇక ఎంత తిప్పినా బోల్టు మర చెడిపోవడమే ఫలితం.

మేస్త్రి నేర్పిన మరమ్మతు, తరువాత మేము ఇరుగుపొరుగు బళ్లకు చేసి చూసుకున్నది, ఇలా ఉంటుంది. బోల్టు విప్పి క్లిప్పును పూర్తిగా తీసేయాలి. గొట్టం మీద ఉన్న మురికి, నూనె, ఉబ్బి లేచిన రంగు, తుప్పు అన్నీ పోవాలి. కిరసనాయిలుతో తుడిచి ఊరుకోవద్దు. కిరసనాయిలు కూడా జిడ్డే. దాని తరువాత సబ్బునీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. వెనుక క్లిప్పుల్లో కుడిపక్కది ముందుగా జారడం మేము చాలా బళ్లలో చూశాము. గొలుసు ఆ పక్కనే గదా. మనము గొలుసుకు ప్రేమగా పోసే నూనె చిట్లి క్లిప్పు కిందికి చేరుతుంది. గొలుసుకు నూనె పోసిన వెంటనే ఆ గొట్టాన్ని ఒకసారి తుడిచే అలవాటు చేసుకుంటే సగం బాధ తీరుతుంది.

తరువాత క్లిప్పును దాని అసలు చోటికి, అంటే లావు వైపుకు, జరిపి చూడాలి. పాత బండి మీద ఆ చోట రంగు చెక్కుచెదరకుండా ఒక వలయంలా కనబడుతుంది. కర్మాగారంలో బిగించిన చోటు అదే. అక్కడ పెట్టి బిగిస్తే చెవుల మధ్య సందు మిగిలితే పని అయిపోయినట్లే. మిగలకపోతే గొట్టానికి పలుచని రేకు చుట్టాలి. పాత డబ్బా రేకు ఒక పట్టీ కత్తిరించి, క్లిప్పు వెడల్పుకు సరిగా, ఒక్క చుట్టు వచ్చేట్లు వేయాలి. కొసలు ఒకదానిమీద ఒకటి ఎక్కకూడదు. కొసకూ కొసకూ మధ్య కాస్త ఎడం ఉండనివ్వాలి. అంచులు వేలు కోస్తాయి, జాగ్రత్త.

ఇంత పలుచని రేకుతో ఏమవుతుందని మాకు అనుమానం వచ్చింది. గుమాస్తా బుద్ధి కదా, కాగితం మీద లెక్క వేశాము. పావు మిల్లీమీటరు మందం రేకు ఒక చుట్టు వేస్తే గొట్టం వ్యాసం రెండు పక్కలా కలిసి అర మిల్లీమీటరు పెరుగుతుంది. చుట్టుకొలత దానికి మూడింతల పైన, అంటే సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు పెరుగుతుంది. ఆ ఒకటిన్నరా వచ్చి చెవుల మధ్య సందుగా నిలుస్తుంది. మెట్రిక్యులేషనులో చదివిన వృత్తాల లెక్క ఇన్నేళ్లకు మాకు ఉపయోగపడినది ఈ ఒక్కచోటే. కూల్‌డ్రింకు డబ్బా రేకు దీనికంటె బాగా పలుచన. అది వాడితే రెండు మూడు చుట్లు కావాలి.

చాలామంది రేకు బదులు పాత ట్యూబు ముక్క చుడతారు. మేమూ ఒకప్పుడు చుట్టినవాళ్లమే. గంటకో, మడ్‌గార్డు పట్టీకో అయితే రబ్బరు మంచిదే, చప్పుడు రాదు, రంగు గీరుకుపోదు. బ్రేకు క్లిప్పుకు మాత్రం మేము వద్దంటాము. ఒత్తిడికి రబ్బరు నెమ్మదిగా పక్కలకు సాగిపోతుంది. ఇవాళ బిగించినది పది రోజులకు దానంతటదే వదులవుతుంది. పైగా బ్రేకు పట్టినప్పుడు క్లిప్పు రబ్బరు మీద ఊగుతుంది. ఆ ఊగుడే బోల్టును విప్పుతుంది. ఇంకొందరు అంగళ్లలో క్లిప్పును గొట్టానికి వెల్డింగు పెట్టేస్తారు. అది మరీ అపాయం. ఆ గొట్టాలు పలుచనివి. కాల్చితే అక్కడ బలహీనపడతాయి. గొట్టానికి కన్నం పొడిచి బోల్టు దించేవారినీ చూశాము. క్లిప్పు జారదు నిజమే, ఏదో ఒకనాడు గొట్టమే విరుగుతుంది.

బోల్టును కూడా పరీక్షించాలి. మర అరిగి ఉంటే కొత్తది వేయాలి. నాలుగు రూకల సరుకు. నట్టు కింద స్ప్రింగు వాషరు తప్పనిసరి. బిగించేటప్పుడు రెండు పక్కల క్లిప్పులూ ఒకే ఎత్తులో ఉండాలి, లాడం కమ్మీ కాళ్లు రెండు దారుల్లోనూ తడుముకోకుండా లేచి దిగాలి. పిడి వదిలినప్పుడు కట్టకూ రిమ్ముకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం రెండు పక్కలా సమానంగా ఉంటే చాలు. ఒకవైపే రాచుకుంటున్నదంటే క్లిప్పును నిందించే ముందు చక్రం ఫోర్కు మధ్యలో ఉన్నదో లేదో చూడండి. ఎన్నోసార్లు తప్పు చక్రానిదే అయి ఉంటుంది.

రాడ్డు బ్రేకుకు మరొక పట్టీ ఉన్నది. దానిని ఎవరూ లెక్కచేయరు. వెనుక బ్రేకు కమ్మీ హ్యాండిలు నుంచి దిగి, మెడ దగ్గర మలుపు తిరిగి, వాలు గొట్టం వెంబడి పెడళ్ల దాకా పోతుంది. మలుపుల దగ్గర దానిని పట్టుకునే తిరుగుడు ముక్కలు కూడా పట్టీలతోనే గొట్టానికి బిగించి ఉంటాయి. అవి జారితే పిడి హ్యాండిలుకు తగిలేదాకా వస్తుంది గాని వెనుక చక్రం ఆగదు. మనము కట్టలు అరిగాయనుకుని కొత్తవి వేస్తాము. డబ్బు దండగ. ఇంట్లో ఒకరిని పిడి లాగమని, మనము కింద కూర్చుని ఆ పట్టీని కళ్లతో చూస్తే తెలిసిపోతుంది. కమ్మీ బదులు పట్టీయే కదులుతూ ఉంటుంది. దీనికీ మందు అదే: తుడవడం, రేకు, చెవుల సందు.

పిల్లల సైకిళ్లకు ఇప్పుడు తీగ బ్రేకులే ఎక్కువ. వాటిలో బ్రేకు మొత్తం ఫోర్కు మెడలో ఒకే ఒక బోల్టు మీద నిలబడుతుంది. అది వదులైతే బ్రేకు మొత్తం ఒక పక్కకు ఒరుగుతుంది. ఒక కట్ట రిమ్మును ఎప్పుడూ రాస్తూనే ఉంటుంది. చేత్తో నెట్టి సరిచేస్తే సాయంత్రానికి మళ్లీ అంతే. ఫోర్కు వెనుక నట్టును కొంచెం వదులుచేసి, పిడిని గట్టిగా నొక్కి పట్టుకుని, అంటే కట్టలు రెండూ రిమ్మును పట్టుకుని ఉండగానే, వెనుక నట్టును బిగించాలి. అప్పుడు బ్రేకు తన నడుము తానే చూసుకుంటుంది. అక్కడి పళ్ల వాషరు పోయి ఉంటే కొత్తది వేయండి. కట్ట మాత్రం రిమ్ము మీదనే పడాలి. పైకి జారితే టైరును కోస్తుంది, కిందికి జారితే చువ్వల్లోకి పోతుంది. డిస్కు బ్రేకుల జోలికి మేము పోము, అది మా చేతి పని కాదు.

పని ముగిసిన తరువాత మేస్త్రి చేసిన పని ఒకటి మాకు బాగా నచ్చింది. సుద్దముక్కతో క్లిప్పు మీదుగా గొట్టం మీదికి ఒక గీత గీశాడు. క్లిప్పు వెంట్రుకవాసి తిరిగినా గీత రెండు ముక్కలవుతుంది. సుద్ద వానకు పోతుంది కాబట్టి మేము ఇంటికి వచ్చి మా అమ్మాయి గోళ్ల రంగుతో గీశాము. "నాయనా, అది నూరు రూపాయల సీసా" అని అది గొడవపెట్టింది. ఎర్రగీత ఏడాది పైగా నిలిచింది. బండికి నాలుగు క్లిప్పులు, రెండు తిరుగుడు పట్టీలు, ఆరు గీతలు. చూడడానికి అర నిమిషం పట్టదు.

ఇంకొక మాట. మరమ్మతు చేసిన బండిని మరొకరికి ఇచ్చే ముందు చేసినవాడే తొక్కి చూడాలి. ముందు నిలబడి, బ్రేకు పట్టి, బండిని బలంగా ముందుకు తోయండి. గీతలు చూడండి. తరువాత చదునైన వీధిలో నాలుగుసార్లు ఆపి చూడండి. మళ్లీ గీతలు. ఆ తరువాతే వాలు. వారం తిరిగాక బోల్టులు మరొకసారి తడిమి చూడాలి, రేకు అణిగి కొంచెం వదులవుతుంది. ఇది ఆనాటి రాత్రి మేము చేయలేదు. వానాకాలంలో ఇనుప రిమ్ము తడిస్తే ఎంత మంచి బ్రేకయినా ఆలస్యంగా పడుతుంది. అది క్లిప్పు తప్పు కాదు, ముందుగానే మెల్లగా పట్టుకోవడం అలవాటు చేసుకోవాలి.

బరంపురం సోదరునికి: మీ క్లిప్పు చెవులు చూసి, సందు ఉన్నదో లేదో మాకు ఒక కార్డు ముక్క వ్రాయండి. సందు ఉండి కూడా జారుతున్నదంటే జిడ్డు గాని, అరిగిన బోల్టు గాని కారణమై ఉంటుంది. బండిని అమ్మకండి.

మా మేనల్లుడు ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. పన్ను కట్టించుకున్నాడు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు కాఫీ తాగకముందే వసారాలోకి పోయాడు. ఏం చేస్తున్నాడా అని వెళ్లి చూస్తే, తాతగారి బండి ముందు గొంతుకూర్చుని గీతలు చూస్తున్నాడు. "మామా, ఎడమది కొంచెం మాసింది, మళ్లీ గీద్దామా?" అన్నాడు. గోళ్ల రంగు సీసా తెచ్చి ఇచ్చాము. ఎడమచేత్తో వాడే గీశాడు.

వచ్చే నెల, కుట్టుమిషను దారం ఊరికే తెగిపోతున్నదని మదురై నుంచి ఒక సోదరి వ్రాసిన జాబుకు జవాబు.